చల్ల మిరపకాయల్లో పీసీ 36:4 నాలుగు రెట్లు పెరిగింది. నమ్మొచ్చా?

బ్రాడీపేట_4బై14 (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. గుంటూరులో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాస్ స్పెక్‌కి (అణువుల బరువు తూచే మెషీన్‌కి) కొత్త. మా దగ్గర మెషీన్ లేదు, వేరేచోట పూట లెక్కన స్లాట్ తీసుకుని నడిపించుకుంటాం.

సంగతి ఇదీ. ఒకే చేలో కోసిన పచ్చిమిరపకాయల్ని రెండు వాటాలు చేశాను. ఒక వాటా ఊరికే ఎండబెట్టాను. రెండోది మా అమ్మ చేత చల్ల మిరపకాయలు పెట్టించాను. కాయకి నిలువునా గాటు పెట్టి, ఉప్పేసిన పుల్ల మజ్జిగలో నానేసి, పగలు ఎండలో, రాత్రి మళ్ళీ మజ్జిగలో. అలా మూడు రోజులు, తర్వాత గలగలలాడేదాకా ఎండ. రెండిటినీ పొడి చేసి 50 మిల్లీగ్రాములు తీసుకుని ఫోల్చ్ పద్ధతిలో లిపిడ్లు లాగాను (క్లోరోఫాం, మెథనాల్ 2:1). సీ18 కాలమ్ (లిపిడ్లని ఒకదాని తర్వాత ఒకటిగా విడదీసి దింపే గొట్టం), 20 నిమిషాల రన్, క్యూ-టాఫ్ (ఒక రకం మాస్ స్పెక్), పాజిటివ్ మోడ్ (ధనావేశం ఉన్న అయాన్లని చూసేది) ఒక్కటే. నెగెటివ్‌కి వెళ్ళేలోపు స్లాట్ అయిపోయింది.

బరువు 782.5671 దగ్గర ఒక పీక్ చల్ల మిరపకాయల్లో నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పీసీ 36:4 (ఒక ఫాస్ఫోలిపిడ్) అంటోంది. ఉండాల్సిన విలువ 782.5694, అంటే తేడా 3 పీపీఎం (పది లక్షల్లో మూడు వంతులు) లోపే. పీ-వాల్యూ చూస్తే కళ్ళు చెదురుతున్నాయి. పులియడం వల్ల లినోలియిక్ ఆమ్లం ఉన్న ఫాస్ఫోలిపిడ్లు పెరిగాయని అబ్‌స్ట్రాక్ట్‌లో రాసెయ్యమంటున్నారు మా గైడ్ గారు. నాకెందుకో గుబులుగా ఉంది. ఎవరైనా ఒకసారి చూస్తారా?

క్వాడ్రపోల్_బాబాయ్ (సోమవారం, రాత్రి 10:15)

అమ్మాయ్, ముందు మూడు సంగతులు చెప్పు. ఆ 782 ఎన్నో నిమిషానికి వస్తోంది? 760.585 దగ్గర పీక్ ఉందా, ఉంటే అది ఎన్నో నిమిషానికి? మజ్జిగలో ఉప్పెంత? మూడో ప్రశ్నకి నవ్వొద్దు.

బ్రాడీపేట_4బై14 (సోమవారం, రాత్రి 10:32)

782 వచ్చేది 11.4 నిమిషాలకి. 760.585 ఉంది సార్, పెద్దదే. అదీ 11.4కే. రెండు వాటాల్లోనూ దాదాపు సమానంగా ఉందని దాని జోలికి పోలేదు. ఉప్పు మాత్రం అమ్మ చేతికొద్దీ వేసింది. ఎందుకు సార్?

క్వాడ్రపోల్_బాబాయ్ (సోమవారం, రాత్రి 11:05)

అనుకున్నాను. నువ్వు కొలిచింది పీసీ 36:4 కాదు, ఉప్పు.

కాగితం తీసుకో. పీసీ 34:1కి ప్రోటాన్ అంటుకుంటే 760.585. అదే అణువుకి ప్రోటాన్ బదులు సోడియం అంటుకుంటే 21.9819 పెరిగి 782.567 అవుతుంది. ఇప్పుడు ఇటు చూడు. పీసీ 34:1 నుంచి పీసీ 36:4కి వెళ్ళాలంటే రెండు కార్బన్‌లు, మూడు డబుల్ బాండ్లు కలపాలి. దాని లెక్క 21.9843. రెండు దారుల మధ్య తేడా 0.0024. ఆ బరువు దగ్గర అది 3 పీపీఎం. నీ 782.5671ని మళ్ళీ చూసుకో. సాఫ్ట్‌వేర్ చెప్పిన 782.5694కి దగ్గరగా ఉందా, నేను చెప్పిన 782.567కా?

ఆ రెండిటినీ బరువుతోనే విడదీయాలంటే 3 లక్షల పైన రిజల్యూషన్ (దగ్గరి బరువుల్ని విడదీసే శక్తి) కావాలి. క్యూ-టాఫ్ వల్ల కాదు. సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు, 5 పీపీఎం లోపల ఉన్నదేదైనా పట్టుకొచ్చి పెట్టమని మనమే చెప్పాం.

నీ పేరులోనే ఉంది చూడు జవాబు. గుంటూరులో బ్రాడీపేట అని చెప్పి ఆటో ఎక్కితే వాడు ఎక్కడ దింపుతాడు? ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు చెప్పాలి, ఆపైన డోరు నంబరు. బరువు నీకు లైను చెప్పింది. కాలమ్‌లో ఎన్నో నిమిషానికి వచ్చిందన్నది అడ్డరోడ్డు. ముక్కలు చేసి చూస్తే గానీ డోరు నంబరు తెలియదు.

లిపిడ్లంటే_భయం (మంగళవారం, ఉదయం 7:20)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఈ 34:1, 36:4 ఏమిటో ఎవరైనా మామూలు భాషలో చెబుతారా? ఎమ్మెస్సీ రెండో సెమిస్టర్.

పటమట_పీక్ (మంగళవారం, ఉదయం 8:05)

పీసీ అంటే ఫాస్ఫటిడైల్‌కోలిన్. దాని తలకాయ కోలిన్, తోకలు రెండు కొవ్వు ఆమ్లాలు. 34 అంటే ఆ రెండు తోకల్లోని కార్బన్‌ల మొత్తం, 1 అంటే డబుల్ బాండ్ల మొత్తం. 34:1 అంటే 16:0, 18:1 కావచ్చు. 16:1, 18:0 కూడా కావచ్చు. ఏయే తోకలున్నాయో చూశాక పీసీ 16:0_18:1 అని రాస్తారు. ఏ తోక గ్లిసరాల్ మీద ఏ స్థానంలో ఉందో కూడా తేలితేనే గీత వంచి 16:0/18:1 అని రాయాలి. చాలామంది ఏమీ చూడకుండానే గీత వంచేస్తారు, అది వేరే గొడవ.

బ్రాడీపేట అమ్మాయికి: బాబాయ్ గారు చెప్పింది నిజమో కాదో కొత్త రన్ లేకుండానే ఈ రాత్రికే తేల్చుకోవచ్చు. సీ18 మీద తోక పొడవైతే ఆలస్యంగా వస్తుంది, ఒక్కో డబుల్ బాండ్ సుమారు రెండు కార్బన్‌లు తగ్గినంత ముందుకు లాగుతుంది. ఆ లెక్కన 34:1 ముప్పై రెండుతో సమానం, 36:4 ఇరవై ఎనిమిదితో. కాబట్టి అసలైన 36:4 నీ కాలమ్‌లో 34:1 కన్నా బాగా ముందే దిగిపోవాలి. రెండూ ఒకే నిమిషంలో పక్కపక్కన నిలబడ్డాయంటే అవి ఒకే మనిషి, చొక్కా మార్చుకుని వచ్చాడు.

ఇంకోటి. నీ దగ్గర ఎంఎస్/ఎంఎస్ ఉంటే 782ని ముక్కలు చేసిన స్పెక్ట్రం తెరువు. ప్రోటాన్ ఉన్న పీసీ అయితే 184.073 మిగతా అన్నిటి నెత్తినెక్కి కూర్చుంటుంది. సోడియం ఉన్నదైతే 59.07 రాలిపోయి (ట్రైమిథైలమీన్) 723.49 కనిపిస్తుంది, కింద 146.98 ఉంటుంది.

బ్రాడీపేట_4బై14 (మంగళవారం, ఉదయం 8:50)

723.49 ఉంది. 146.98 కూడా ఉంది. 184 ఎక్కడో అడుగున, ఉందా లేదా అన్నట్టుంది.

ఈ స్పెక్ట్రం నెల రోజులుగా నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఒక్కసారి కూడా తెరవలేదు.

క్వాడ్రపోల్_బాబాయ్ (మంగళవారం, ఉదయం 9:10)

పర్లేదులే. ఇప్పుడు నిజం చెప్పు. ఫోల్చ్‌లో పొరలు విడగొట్టడానికి దేనితో కడిగావు? ఆ పద్ధతిలో ఉప్పునీళ్ళతో కడగడం పాత అలవాటు. కలర్ టెస్టులకి ఇబ్బంది లేదు గానీ మాస్ స్పెక్ ముందు అది మన కొంప ముంచుతుంది.

బ్రాడీపేట_4బై14 (మంగళవారం, ఉదయం 9:31)

నీళ్ళతోనే కడిగాను సార్.

కాకపోతే... చల్ల మిరపకాయల ట్యూబుల్లో పొరలు విడిపోలేదు. మధ్యలో మీగడలాంటి తెట్టు కట్టేసింది, సెంట్రిఫ్యూజ్ చేసినా పోలేదు. మా సీనియర్ చిటికెడు ఉప్పు వెయ్యమంటే వేశాను. చల్ల మిరపకాయల వాటికే వేశాను. ఊరికే ఎండబెట్టిన వాటికి అవసరం పడలేదు.

పటమట_పీక్ (మంగళవారం, ఉదయం 9:33)

అయ్యో తల్లీ 😂

కాలమ్_లేకుండా (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

ఈ గొడవంతా కాలమ్ పెట్టుకున్నందుకే. మేం శాంపిల్‌ని నేరుగా మెషీన్‌లోకి పంపుతాం (ఇన్ఫ్యూజన్). ట్రిపుల్ క్వాడ్‌లో (ఇంకో రకం మాస్ స్పెక్) 184 ఇచ్చేవాటిని మాత్రమే ఏరుతాం. సోడియం ఉన్న పీసీ 184 పెద్దగా ఇవ్వదు కాబట్టి ఈ దొంగ 782 మా లెక్కలోకే రాదు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

క్వాడ్రపోల్_బాబాయ్ (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

దొంగ రాడు, నిజమే. మరి ఆ దొంగ ఎత్తుకుపోయిన సొమ్ము? ఉప్పు ఎక్కువున్న శాంపిల్‌లో పీసీ 34:1లో సగం సోడియంతో పోతే, నువ్వు మిగిలిన సగాన్నే కొలిచి తగ్గిందని రాస్తావు. ఈ అమ్మాయి పెరిగిందని రాయబోయింది, నువ్వు తగ్గిందని రాస్తావు.

ఇంకోటి, ఐసోటోపులు. మిరప గింజల్లో లినోలియిక్ ఎక్కువ కాబట్టి పీసీ 34:2 బోలెడు ఉంటుంది, 758.569 దగ్గర. అందులో 42 కార్బన్‌లున్నాయి. కార్బన్-13 వాటా 1.1 శాతమే అయినా అన్ని కార్బన్‌లుంటే రెండేసి బరువైనవి పడ్డ అణువులు కూడా తక్కువేం కాదు. ఆ ఎం+2 పీక్ అసలు పీక్‌లో 12 శాతం దాకా ఉంటుంది, 760.576 దగ్గర. అక్కడికి 0.009 దూరంలోనే 34:1 ఉంది. కాలమ్ ఉంటే 34:2 ముందే దిగిపోతుంది కాబట్టి ఈ తగాదా లేదు. కాలమ్ లేకపోతే 85 వేల రిజల్యూషన్ అయినా ఉండాలి, లేదంటే కూర్చుని తీసివేత లెక్క చేసుకోవాలి.

కాలమ్_లేకుండా (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

తీసివేత లెక్క మేం ఎప్పుడూ చేస్తాం. సోడియం సంగతి మాత్రం ఒప్పుకుంటాను. మా శాంపిళ్ళు ప్లాస్మా, ఉప్పు అన్నిట్లో ఒకేలా ఉంటుంది కాబట్టి అది మాకు బయటపడదు. ఊరగాయల జోలికి రాలేదు ఎప్పుడూ.

యార్డు_ల్యాబ్ (మంగళవారం, సాయంత్రం 6:45)

లిపిడ్లు నాకు తెలియవు గానీ, బరువు ఒకటి, మనుషులు ఇద్దరు అన్న మాట వినగానే ఆగలేకపోయాను. మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక ప్రైవేటు ల్యాబులో చేస్తాను. రోజంతా ఘాటు కొలవడమే పని.

క్యాప్సైసిన్ 306.206, డైహైడ్రోక్యాప్సైసిన్ 308.222, నార్‌డైహైడ్రో 294.206. మూడూ పగిలితే 137.060 ఇస్తాయి, అది వనిల్లిల్ ముక్క. ఇప్పుడు అసలు తమాషా. కృత్రిమంగా తయారుచేసే నోనివమైడ్ ఉంది కదా, దాని ఫార్ములా నార్‌డైహైడ్రోదే, అణువణువూ. 294.206, అదే 137. ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా బరువులో తేడా రాదు. నార్‌డైహైడ్రోకి తోక చివర చీలిక ఉంటుంది, నోనివమైడ్ తోక తిన్నగా ఉంటుంది, అంతే.

ఒకసారి ఓలియోరెజిన్ (మిరపకాయల నుంచి తీసిన ఘాటు సారం) శాంపిల్ వచ్చింది. క్యాప్సైసిన్ తక్కువ, నార్‌డైహైడ్రో మాత్రం దాన్ని మించిపోయింది. మిరపకాయలో ఎప్పుడూ అలా ఉండదు, క్యాప్సైసిన్, డైహైడ్రో రెండే పెద్దన్నలు. మా కుర్రాడు కొత్త రకం కాయేమో సార్ అన్నాడు. నోనివమైడ్ స్టాండర్డ్ తెప్పించి పక్కన పెట్టి, గ్రేడియెంట్ (కాలమ్‌లో ద్రావకాల పాళ్ళు మార్చే వేగం) నెమ్మది చేసి నడిపితే పీక్ సరిగ్గా దాని మీదే పడింది. సన్నం రకం కాయకి తేజ ఘాటు రావాలని ఎవరో చెయ్యి కలిపారు. అప్పట్నుంచి స్టాండర్డ్ పక్కన లేకుండా పేరు రాయను.

రిటైర్డ్_లెక్చరర్ (మంగళవారం, రాత్రి 8:30)

పాతకాలం వాణ్ణి, కోప్పడకండి. అమ్మాయ్, మెషీన్‌లో పెట్టే ముందు ఆ రెండు ఎక్స్‌ట్రాక్ట్‌లలో మొత్తం ఫాస్ఫోలిపిడ్ ఎంతుందో చూశావా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ పద్ధతి ఉంది. ఎక్స్‌ట్రాక్ట్‌ని ఆమ్లంతో కాల్చి, మాలిబ్డేట్ వేసి, ఏఎన్‌ఎస్‌ఏ అనే రసాయనంతో క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర చదువుకోవడమే. పీసీకి ఒక ఫాస్ఫరస్, పీఈకి (ఇంకో ఫాస్ఫోలిపిడ్) ఒకటి. కాబట్టి మోల్స్ లెక్క చేతికొస్తుంది. ఏ మాలిక్యూలో అది చెప్పదు, కానీ సోడియానికి మోసపోదు.

పటమట_పీక్ (మంగళవారం, రాత్రి 8:52)

మాస్టారూ, నమస్కారం. మొత్తం పెరగకుండా ఒక్కటే నాలుగు రెట్లు పెరిగితే అప్పుడే అనుమానం వచ్చేది. మంచి మాట చెప్పారు.

ఒక్క జాగ్రత్త. మజ్జిగ అంటే పాలే. వెన్న చిలికినప్పుడు కొవ్వు బొట్ల చుట్టూ ఉండే పొర చిరిగి, ఆ పొరలోని ఫాస్ఫోలిపిడ్లు చల్లలోకే పోతాయి. అందుకే వెన్న తీసిన మజ్జిగలో కొవ్వు తక్కువున్నా ఫాస్ఫోలిపిడ్ దండిగా ఉంటుంది. పాల పీసీల్లో 34:1 ముఖ్యమైనది. అంటే ఈ అమ్మాయి కాయల్లోకి ఉప్పుతో పాటు బయటి నుంచి 34:1 కూడా ఎక్కింది. అందులో చాలా భాగం 782కి పోవడం వల్లే 760 రెండు వాటాల్లో సమానంగా కనిపించి ఉంటుంది.

అది తేల్చడానికి ఒక చక్కటి గుర్తుంది. మొక్కల్లో స్ఫింగోమైలిన్ ఉండదు, పాలల్లో ఉంటుంది. 703.575 దగ్గర వెతుకు. అదీ 184 ఇస్తుంది కాబట్టి పీసీ అనుకోకు. పీసీలో నత్రజని ఒకటే, ప్రోటాన్ అంటుకుంటే సరిసంఖ్య వస్తుంది: 758, 760, 782. స్ఫింగోమైలిన్‌లో రెండు నత్రజనులు, బేసి సంఖ్య వస్తుంది. 184 ఇస్తూ బేసి సంఖ్య దగ్గర కూర్చుందంటే ముందు దాన్నే అనుమానించు.

లిపిడ్లంటే_భయం (మంగళవారం, రాత్రి 9:15)

ఇది క్లాసులో ఎవరూ చెప్పలేదు.

క్వాడ్రపోల్_బాబాయ్ (బుధవారం, ఉదయం 6:50)

మళ్ళీ స్లాట్ తీసుకుంటావు కదా, ఈసారి ఖాళీ చేతులతో వెళ్ళకు. ఉప్పునీళ్ళలో మాత్రమే నానేసిన కాయలు ఒక వాటా, ఉప్పు లేని మజ్జిగలో నానేసినవి ఒక వాటా, ఉత్త మజ్జిగ ఎండబెట్టింది కాస్త. అవి లేకుండా పులియడం గురించి ఒక్క ముక్క రాయలేవు. తెట్టు కడితే ఉప్పు వెయ్యకు, ట్యూబుని చల్లబెట్టి మళ్ళీ తిప్పు. అమ్మోనియం ఫార్మేట్ కలిపిన నీళ్ళతో రెండుసార్లు కడుగు. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (కొలతకి ఆధారంగా తెలిసినంత కలిపేది) పీసీ 17:0/17:0 ఉంది మా దగ్గర అంటారు ఎవరైనా, తీసుకోకు. బేసి కార్బన్‌ల తోకలు మొక్కల్లో అరుదు గానీ, గేదె కడుపులో బాక్టీరియా వాటిని తయారు చేస్తుంది, పాలల్లోకి వస్తాయి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్నదే అడుగు. దాన్ని క్లోరోఫాం పొయ్యకముందే పొడిలో కలపాలి, చివర్లో కాదు.

అన్నట్టు, మొన్న ఏ వరసలో నడిపారు?

బ్రాడీపేట_4బై14 (బుధవారం, ఉదయం 7:30)

ముందు ఎండబెట్టినవి ఆరు, తర్వాత చల్ల మిరపకాయలవి ఆరు.

క్వాడ్రపోల్_బాబాయ్ (బుధవారం, ఉదయం 7:34)

కలిపి నడుపు, చీట్లు తీసి. అన్ని శాంపిళ్ళలోంచి కొంచెం కొంచెం తీసి ఒక కలగలుపు వయల్ చేసుకో, ప్రతి ఐదింటికి ఒకసారి అది పెట్టు. మధ్యాహ్నానికి ఏసీ చాలకపోతే టాఫ్ ట్యూబు సాగి బరువులు జరుగుతాయి, బెజవాడ మే నెలలో నేను చూశాను. కలగలుపు వయల్ ఉంటే అది బయటపడుతుంది.

యార్డు_ల్యాబ్ (బుధవారం, ఉదయం 9:20)

క్లోరోఫాంని ప్లాస్టిక్ ట్యూబుల్లో పొయ్యకమ్మా. మా దగ్గరికి ఒక విద్యార్థి 338.342 దగ్గర మందులాంటి కొత్త పదార్థం దొరికిందని వచ్చాడు. అది ఎరుకామైడ్, ప్లాస్టిక్ జారడానికి పూసేది. పక్కనే 391.284 కూడా ఉంది, అది థాలేట్. ఖాళీ ట్యూబులో క్లోరోఫాం పోసి నడిపితే రెండూ అలాగే వచ్చాయి. పాపం, థీసిస్‌లో ఒక అధ్యాయం అది.

బ్రాడీపేట_4బై14 (పదిహేను రోజుల తర్వాత, శనివారం, రాత్రి 10:10)

అందరికీ రుణపడ్డాను. నిన్న రోజంతా స్లాట్ దొరికింది. గాజు ట్యూబులు, డ్యుటీరియం స్టాండర్డ్ (పటమట మేడం ఇచ్చారు, థాంక్స్), చీట్ల వరస, కలగలుపు వయల్, పాజిటివ్, నెగెటివ్ రెండూ.

బాగా కడిగాక 11.4 దగ్గరి 782 దాదాపు మాయమైంది, 760 ఆ మేరకు లేచింది. నెగెటివ్‌లో అదే నిమిషానికి 804.576 వచ్చింది, పీసీ 34:1కి ఫార్మేట్ అంటుకున్నది. పగలగొడితే 255.233, 281.249. అంటే 16:0_18:1. అసలైన పీసీ 36:4 కూడా దొరికింది, 9.3 నిమిషాల దగ్గర బుద్ధిగా కూర్చుంది. నెగెటివ్‌లో 826.560, పగిలితే 279.233 ఒక్కటే, రెండు తోకలూ 18:2. అన్ని వాటాల్లోనూ సమానంగా ఉంది. నాలుగు రెట్లు లేవు, ఒకటిన్నర రెట్లు కూడా లేవు.

703.575 మజ్జిగ తగిలిన వాటాల్లో ఉంది, ఉత్త మజ్జిగలో ఇంకా పెద్దగా ఉంది. ఉప్పునీళ్ళవాటిలో, ఊరికే ఎండినవాటిలో లేదు. 34:1 కూడా మజ్జిగ ఉన్నచోటే ఎక్కువ. మాస్టారి నీలం రంగు పరీక్ష కూడా అదే చెప్పింది.

గైడ్ గారికి మొత్తం చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పాల పొర మిరపకాయలోకి ఎంత లోపలిదాకా దిగుతోందో చూద్దాం, అదే పేపర్ అన్నారు. తొక్క, గింజ, లోపలి తెల్ల కండ వేరువేరుగా తీసి స్ఫింగోమైలిన్ కొలవాలి. అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకున్నాం.

ఒక్క సమస్య మిగిలింది. ఉప్పు ఎంతేశావమ్మా అని అడిగితే ఈసారీ చేతికొద్దీ అనే అంది. పద్ధతుల విభాగంలో ఏం రాయను?

రిటైర్డ్_లెక్చరర్ (శనివారం, రాత్రి 10:41)

పొడిని బూడిద చేసి ఆమ్లంలో కరిగించు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉంటుంది. సోడియం కొలిచి గ్రాముకి ఇంత అని రాయి. పసుపు ఫిల్టర్ తుడిచి పెట్టు, ఎవరూ వాడి ఉండరు.

బ్రాడీపేట_4బై14 (శనివారం, రాత్రి 10:44)

ఉంది సార్. బీరువా మీద, గుడ్డ కప్పి. సోమవారం దింపిస్తాను.